పెళ్లయిన కూతురికి రాదన్నాను

‘రాదు’ అన్నాను. ఒక్క మాట. ఇన్నేళ్లుగా దాని బరువు మోస్తున్నాను. మా ఇంట్లో తెలియదు. బస్తీలో తెలియదు. మీరు నన్నెరగరు కనుక మీకు చెబుతున్నాను.

ఈ బెంగాలీ మహానగరంలో, ఆలీపూర్ కోర్టు దగ్గర ఒక వకీలుకు గుమాస్తాను. ఉండేది ఖిదిర్‌పూర్. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రేవులోనో, మున్సిపాలిటీలోనో పనికి కుదిరిన కుటుంబాలు మావి. ఆదివారం పొద్దున్న మా తెలుగువాళ్ల సంఘం గదిలో కొత్త తీర్పులు తెలుగులో విడమరచి చెప్పేవాణ్ణి. అద్దెకున్నవాడికి ఇంటివాడు కరెంటు కోసేయవచ్చా? రెండో పెళ్లి చేసుకున్నవాడు పోతే పింఛను ఏ భార్యకు? కోర్టు ఏమన్నదో చెబితే జనం టీ తాగుతూ వినేవారు. నన్ను కోర్టు మావయ్య అనేవారు. ఆ పిలుపు నాకెంత ఇష్టమో!

మున్సిపాలిటీలో మురికి కాలవలు తీసే సింహాచలం పనిలో ఉండగానే పోయాడు. అలా పోయినవాడి ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. ఉద్యోగంతోపాటు క్వార్టరు. అది ఎవరికన్నది మా వాళ్లు ఆఫీసుకు వెళ్లి అడగరు. పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక, పెద్దల మధ్య తేల్చేస్తారు. ఆ రోజు ‘సరే’ అన్నవాళ్లు మళ్లీ నోరెత్తకూడదు. అది మా కట్టు.

సింహాచలానికి ఇద్దరు పిల్లలు. పెద్దది కళావతి. మొగుడు వదిలేస్తే పుట్టింటికి వచ్చి, తండ్రికి వండిపెడుతూ, తల్లిని చూసుకుంటూ ఉండేది. చిన్నవాడు గణేశు. ఏ పనీ లేదు.

విస్తళ్లు ఎత్తాక కళావతి అందరి ముందూ నన్నే అడిగింది.

“మావయ్యా, నువ్వు కోర్టు సంగతులు సదివినోడివి. పెళ్లయిన ఆడపిల్లకి నాన్న చాక్రీ రాదేటి?”

“రాదమ్మా. పెళ్లయితే వేరే ఇంటిదానివైపోనావు కదా.”

“ఆ ఇంటోడు నన్నొగ్గీసి ఎప్పుడో ఎలిపోనాడు. ఇంక నాకు వేరే ఇల్లేటి?”

ఓ ముసలాయన నవ్వాడు. “ఒసే, ఆడదానివి, కాలవలోకి దిగుతావేటే?”

“దిగుతాను తాతా. నీ మనవడు, ఈ గణేశు, దిగుతాడేటో అడుగు. కేరం బోర్డు కాడినుంచి లెగవడానికే ఆడికి నలుగురు సాయం కావాల!”

అందరూ నవ్వారు. గణేశు తల దించుకున్నాడు. ఆమె మాత్రం నావైపు నుంచి చూపు తిప్పలేదు.

“కోర్టోలు కూడా అంతే అన్నారా, మావయ్యా?”

“అంతే అన్నారమ్మా.”

“నువ్వే అన్నావంటే ఇంకేటుందిలే. సరే, తమ్ముడికే ఇప్పించండి.”

కోర్టు అలా అనలేదు. ఇక్కడి హైకోర్టులోనే ముగ్గురు న్యాయమూర్తులు కూర్చుని, పెళ్లయిందన్న ఒక్క కారణంతో కూతుర్ని పక్కన పెట్టడం తప్పన్నారు. తండ్రి సంపాదన మీదే బతుకుతున్న కూతురైతే, పెళ్లయినా ఆమె దరఖాస్తును చూడాల్సిందే అన్నారు. ఆ తీర్పు అప్పటికే వచ్చింది. నేను చదివాను. మా వకీలుగారి బల్ల మీదే, రెండుసార్లు. పెద్దకర్మకు ముందు ఆదివారం సంఘం గదిలో మిగతావన్నీ చెప్పి, దాన్ని మాత్రం దాటేశాను. అంటే ఆమె అడగకముందే నేను సిద్ధపడి ఉన్నానన్నమాట. నోరు జారిన అబద్ధమని ఎవరికి చెప్పను?

ఎందుకు చేశాను? గణేశుకు మా అమ్మాయినిస్తామని అప్పటికే మాటిచ్చాం. పిల్లలిద్దరూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. పనిలేనివాడి చేతిలో కూతుర్ని ఎలా పెట్టను? అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండునని చాలాసార్లు వెతికాను. లేదు. నా కూతురి కోసం ఇంకొకరి కూతురి కూడు తీశాను.

గణేశు ఉద్యోగంలో చేరాడు. పెళ్లయింది. మా అమ్మాయి ఆ క్వార్టరులో సుఖంగానే ఉంది. ఇరుకని అత్తగారిని మాత్రం కళావతితో పంపేశారు. నేను అడ్డు చెప్పలేదు. తల్లీకూతుళ్లు ఏక్‌బాల్‌పూర్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నారు. తెల్లారకుండా బస్సెక్కి, సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ ఆఫీసుల నేల తుడవడానికి వెళుతుంది కళావతి. నిరుడు అక్కడ పనిచేసే బెంగాలీ ఆవిడెవరో ఆమెకు ఆ తీర్పు సంగతి చెప్పిందట. పరుగున నా దగ్గరకే వచ్చింది. నా దగ్గరకే! నిజం చెప్పడానికి అంతకంటే మంచి అవకాశం ఏముంటుంది? “నువ్వు అడిగిన తర్వాత వచ్చిందమ్మా ఆ తీర్పు” అన్నాను. నమ్మింది. ఇప్పుడైనా కేసు వేయవచ్చా అని అడిగింది. ఇలాంటి ఉద్యోగం ఆస్తిలా పంచుకునేది కాదనీ, ఇంటిపెద్ద పోయినప్పటి ఇబ్బంది గడవడానికి ఇచ్చేదనీ, ఏళ్లు గడిచాక ఇవ్వరనీ కోర్టులు చెప్పాయి. ఆ తీర్పులు మాత్రం ఒక్క ముక్క దాచకుండా వివరించాను.

“నా రాత అలాగుంది, నువ్వేటి సేత్తావు మావయ్యా” అని, నేను పోయించిన టీ తాగి వెళ్లిపోయింది.

ఆమె తిట్టి ఉంటే ఇది రాసేవాణ్ణి కాదేమో. చట్టం ఆమెకు తలుపు తీసింది. ఆ తలుపుకు అడ్డంగా నిలబడింది నేను. పైగా ఆమె నన్ను ఓదార్చి వెళ్లింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. లేకపోతే ఈ ఒప్పుకోలు కూడా సగం అబద్ధమే. కళావతి తెలుగు మాట్లాడుతుంది కానీ చదవడం రాదు, హిందీ బడిలో చదివింది. అది తెలిసే తెలుగులో రాశాను. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం ఈ పూటకీ లేదు. చెబితే మా అమ్మాయి ఏమైపోతుందో అన్న లెక్క ఇంకా నాలో నడుస్తూనే ఉంది.

అయినా రాసేశాక గుండె కాస్త తేలికైంది. ఆమెకేమీ తేలిక కాలేదు. రేపు తెల్లారకుండా మళ్లీ బస్సెక్కాలి.