సొరకాయ బుర్ర తల

మొన్న మా మనవరాలి బడిలో తల్లిదండ్రుల సమావేశానికి కోడలికి వీలుపడక నేను వెళ్తే, గోడకున్న పెద్ద తెర మీద కార్టూన్ కోతి ఒకటి కన్నుగీటుతూ భిన్నాలు చెబుతోంది; పిల్లలు పగలబడి నవ్వుతున్నారు, టీచరమ్మ మూలన కూర్చుని ఫోను చూసుకుంటోంది, నాకు మాత్రం ఎందుకో ఆ కోతి మీద నమ్మకం కుదరలేదు. ఖమ్మంలో ఇప్పుడు ఏ బడికి వెళ్లినా ఇదే వరస అంటారు. అడవి పల్లెల్లో పనిచేసిన నా ఈడు పంతుళ్లకు ఎవరికైనా, బోర్డు మీద బొమ్మ పడితే ఊరి పెద్దలు కదిలొచ్చి బడి ముందు నిలబడడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

చర్ల అవతల అడవి పల్లెలో, ఇద్దరు టీచర్ల బడిలో నాకు తొలి ఉద్యోగం. ఇంట్లో కోయ మాటలే విని పెరిగిన పిల్లలు, తెలుగు పుస్తకం తెరిస్తే బిత్తరపోయి చూసేవాళ్లు. నేను ఆకులూ చింతగింజలూ పరిచి ఏదో నెట్టుకొస్తుండగా, మధిర నుంచి కొత్తగా వచ్చిన తోటి టీచరమ్మ సుద్దముక్క అందుకుని, బానపొట్ట, గుబురు మీసాలు ఉన్న ఒక మనిషిని గీసి, వాడిచేత మురుగునీళ్లు తాగించి, కడుపు పట్టుకుని పొదల్లోకి పరుగెత్తించింది. పిల్లలు నవ్వి నవ్వి, ఆ నవ్వులోనే నీళ్లు కాచి తాగాలన్న మాటను తెలుగులో పలికారు. నేను నవ్వలేకపోయాను. తెల్లవారుజామునే నాన్న చేయి పట్టుకుని ఫజర్ నమాజుకు వెళ్లి, మసీదు వరండాలో ఖురాన్ చదువుకుంటూ పెరిగినవాణ్ని. ప్రాణమున్నదాని రూపం గీయడం సృష్టికర్త పనిలో చేయి పెట్టడమేనని ఖురాన్ నేర్పిన మా ఉస్తాద్ చెప్పిన మాట నాలో గట్టిగా నాటుకుంది, ఇప్పటికీ ఉంది. పైగా ఆమె మీద నాకు మరో అనుమానం కూడా ఉండేది. బస్సు రాని ఒక వానరోజు, ఆమె చర్ల నుంచి పోలీసు క్యాంపు జీపులో వచ్చి దిగడం నేను చూశాను.

బోర్డు మీది మీసాల మనిషి అచ్చం ఊరి పెద్దలా ఉన్నాడని ఏ పిల్లో ఇంటికెళ్లి చెప్పింది. అంతే, పిల్లలు బడికి రావడం మానేశారు. అడవిలోని నక్సలైట్లకు అన్నం పెట్టినవాళ్ల ముఖాలు గీయించుకుని క్యాంపు పోలీసులు వెతుకుతున్నారని ఆ రోజుల్లో ఒక పుకారు. సంతకెళ్లే మగవాళ్లు తలగుడ్డను కనుబొమల దాకా లాక్కుని నడిచేవాళ్లు. అలాంటి చోట ముఖం గీయడమంటే ఏమిటో, మధిరలో రైలు కూతల మధ్య పెరిగిన ఆ అమ్మాయికి తట్టలేదు. ఇలాగే సాగితే బడి ఎత్తేస్తారు, మమ్మల్ని ఇంకెక్కడో వేస్తారు, ఆ పిల్లలకు మాత్రం అడవి దాటితే తప్ప మరో బడి లేదు.

ఒక పొద్దున ఊరి పెద్ద నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏందమ్మా, నా మొఖం గీసినవంట. ఎవరికి చూపెడతానికి?"

"అయ్యో పెద్దయ్యా, అది ఎవరి ముఖమూ కాదండీ, పిల్లలు నవ్వుతారని గీశాను."

"నవ్వాల్నంటే నీ మొఖమే గీసుకోరాదు?" అని వెనక నుంచి ఒక ముసలమ్మ అంటే అందరూ నవ్వారు, పెద్ద నవ్వలేదు. ఆయన నా వైపు తిరిగాడు. "సాయిబు సారూ, నువ్వు బొమ్మలు గీయవు, అబద్ధమాడవు. నీ దేవుని మీద చెప్పు, ఈమె క్యాంపు మనిషా, కాదా?"

సాక్ష్యం చెప్పేవాడు చూసినదానికి ఒక ముక్క కలపకూడదు, ఒక ముక్క దాచకూడదు అని మాకు నేర్పారు. జీపు చూశానని చెప్పాను, ఆనాటి వాన గురించీ చెప్పాను, సాయంత్రం బోర్డు మీది బొమ్మ తుడవకుండా ఆమె ఏనాడూ గది దాటలేదనీ చెప్పాను, మనసులో ఏముందో మాత్రం నాకు తెలియదన్నాను. ఆమె చేతిలోని సుద్దను బల్ల మీద పెట్టేసింది. పెద్ద తల ఊపాడు.

"జీపు మేం గూడ చూసినం సారూ. నువ్వు దాస్తవేమోనని అడిగిన. దాయలే, ఇగ నీ మాట నమ్ముత."

అప్పుడు తట్టింది నాకు, ముఖం లేని రూపానికి అంత దోషం లేదని కూడా ఉస్తాదే అనేవాడు. ముఖాలు మానేసి గీస్తే ఒప్పుకుంటారా అని అడిగాను, సరేనన్నారు. టీచరమ్మ నా వైపు చూడకుండా సుద్ద తీసుకుని, మనిషి భుజాల మీద తలకు బదులు అక్కడివాళ్లు అడవిలోకి నీళ్లు తీసుకెళ్లే సొరకాయ బుర్రను పెట్టింది. ఊరి పెద్ద మీసం కింద నవ్వాడు. మర్నాటికి పిల్లలు వచ్చారు. ఆ తర్వాత ఎక్కాలు, గుణింతాలు, రోగాలు, రుతువులు అన్నీ ఆ సొరకాయ బుర్ర మనిషే చెప్పాడు. నేను మాత్రం ఎన్నడూ వాణ్ని గీయలేదు. ఆమె బదిలీ అయి వెళ్లేదాకా నాతో ముక్తసరిగానే మాట్లాడింది. ఆ జీపు వాన వల్లే ఆమె కోసం ఆగిందో, మరెందుకో, నేను నేటికీ తేల్చుకోలేదు.

మొన్నటి సమావేశం చివర, ఇంట్లో కూడా ఆ కోతి పాఠాలు రావాలంటే ఒక్కొక్క పిల్ల ముఖాన్నీ ఫోనులో ఎక్కించాలన్నారు. తల్లులు పిల్లల జుట్టు సవరించి వరసలో నిలబెట్టారు. ఈ ముఖాలు ఎక్కడికి వెళ్తాయమ్మా అని నేనడిగితే, అందరూ ఇస్తున్నారు కదా తాతగారూ అని ఆ టీచరమ్మ మర్యాదగానే నవ్వింది. గుమ్మంలో నిలబడి నిలదీసే మనిషి కోసం చుట్టూ చూశాను, ఎవరూ లేరు. ఈలోగా నా మనవరాలు నా చేయి విడిపించుకుని ముందుకెళ్లి, ఆ ఫోను వైపు తలెత్తి, పళ్లన్నీ కనబడేలా నవ్వింది.