ఎవరి పాట వచ్చింది?

నరసరావుపేటలో పాత పల్లెపాటల రికార్డింగులను కంప్యూటర్లో భద్రపరిచే మా చిన్న ఆఫీసుకు, మేమంతా అక్కా అని పిలిచే ఆవిడే పెద్ద. మేం ఏ ప్రోగ్రాం రాసినా ఆమె హెడ్‌ఫోన్ తగిలించుకుని, కళ్లు మూసుకుని, "ఏదీ, ఇననియ్యి" అనేది.

ముప్పై ఏళ్ల కిందట కలుపు పాటలు పాడిన ఒక అవ్వ, తన పాట వినడానికి మర్నాడు వస్తోంది. ఆ హడావుడిలో నేను చిక్కుపడిన పాత కోడంతా విడగొట్టి తిరగరాశాను. ప్రోగ్రాం సరిగ్గా నడుస్తోందో లేదో చూసే టెస్టులన్నీ పాసయ్యాయి. గర్వంగా చూపించాను.

అక్క ఆ టెస్టుల వైపు చూడనే లేదు. అవ్వ పేరు నొక్కి విని, పగలబడి నవ్వింది.

"ఒరేయ్, అవ్వకి మీసాలొచ్చినయ్!"

నేనూ విన్నాను. ఎవరో మగాయన పాడుతున్నాడు.

"పాటొచ్చిందా అని అడిగింది నీ టెస్టు. ఎవురి పాటొచ్చిందో అడగలా."

నాకు తల కొట్టేసినట్టయింది. అక్క పక్కనే కూర్చుని, ప్రతి పేరుకూ నేను కోడు మార్చకముందు వచ్చిన పాటే ఇప్పుడూ వస్తోందా అని సరిచూసే టెస్టు నాచేత రాయించింది. దాంతో తప్పు దొరికింది. సాయంత్రానికల్లా ఎవరి పాట వాళ్ల పేరు కిందికి చేరింది.

మర్నాడు స్పీకర్లో పాట వస్తుంటే అవ్వ తల ఊపుతూ వింది.

"ఎవురమ్మా ఈ పిల్ల? చానా బాగా పాడతంది."

"నువ్వేనే అవ్వా!" అంది అక్క.

అవ్వ నమ్మలేదు. అక్క ఆమె చెయ్యి పట్టుకుని, పాట మళ్లీ మొదటి నుంచి పెట్టింది.