గీతలు మొలిచిన వేళ్లు

ఆమెను తలుచుకుంటే ముందు చేతులే గుర్తొస్తాయి. ఎవరితో మాట్లాడుతున్నా వేలి కొసలను గోడకేసి మెల్లగా రుద్దుతూ ఉండేది.

కడప వైపు పల్లె ఆమెది. వంటపనికని కువైట్‌కు తెచ్చిన ఏజెంటు ఆమెను ఒక ఇంటి నుంచి మరో ఇంటికి అమ్మేశాడు. అక్కణ్ణుంచి పారిపోతే, గొలుసు దొంగిలించిందని కేసు పెట్టారు. పారిపోయి వచ్చిన పనివాళ్ల కోసం సిటీలో ఉన్న షెల్టర్‌లో తలదాచుకుంది. నర్సునైన నేను సెలవు శుక్రవారాల్లో అబూ హలీఫా నుంచి బస్సెక్కి వెళ్లి, అక్కడి ఆడవాళ్ల మాటలు అధికారులకు అరబ్బీలో చెప్పేదాన్ని.

ఆమెను అమ్మారని, దొంగతనం కట్టుకథని రుజువై కేసు కొట్టేశారు. రికార్డులోంచి పేరు తీయాలంటే మాత్రం పాత వేలిముద్రలతో సరిపోలాలి. పోలీసు ఆఫీసులో మిషన్ మీద పది వేళ్లూ పెట్టింది. ఒక్కటీ పడలేదు.

"పోలీసోళ్లు ముద్రలు తీసుకున్యారు గదక్కా. గీతలు అరగదీస్తే కేసు గూడా పోతాదనుకుంటి," అంది తలొంచుకుని.

గీతలు మళ్లీ రావాలని ఆరు వారాలు ఆగాం. గిన్నెలు ముట్టుకోనివ్వలేదు. వెళ్లినప్పుడల్లా ఆ వేళ్లకు కొబ్బరినూనె రాసేదాన్ని. కిటికీ ఎండలో అరచేతులు ఒళ్లో పరుచుకుని, నారు పోసిన మడిని చూసినట్టు వాటినే చూస్తూ కూర్చునేది. ఊహ తెలిశాక ఆ చేతులకు పని లేకపోవడం అదే మొదలట.

మళ్లీ వెళ్లిన రోజు మిషన్ మీద పచ్చ లైటు వెలిగింది. "ఖలాస్," అయిపోయిందన్నాడు ఆఫీసరు, రికార్డులోంచి ఆమె పేరు తీసేస్తూ.

బయట గోడ వెంట నడుస్తూ ఆమె అలవాటుగా చెయ్యి చాపింది. తాకబోయి ఆగి, వెనక్కి తీసుకుని, వేళ్లను చున్నీలో జాగ్రత్తగా చుట్టుకుంది.