జనం లేని చోట బైరాగి డప్పు

మా బావ బైరాగి కుడిచెయ్యి విరగ్గొట్టింది పరాయివాళ్లు కాదు. ముప్పై ఏళ్లు ఎవరి ఊరేగింపుల ముందు ఆ చేత్తో డప్పు కొట్టాడో, ఆ పార్టీ క్లబ్బు వాళ్లే ఇనపరాడ్డు పెట్టి విరగ్గొట్టారు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

బెంగాల్లో, ఖిదిర్‌పూర్ ఓడల డాకు గోడకి ఆనుకుని ఒక చెత్త మైదానం, దాని పక్కనే మా లైను. ముప్పై నాలుగు ఇళ్లు. అందరివీ శ్రీకాకుళం వైపు ఊళ్లే, అందరిదీ మునిసిపాలిటీ చీపురు పనే. బావ పద్దెనిమిదేళ్లప్పుడు వాళ్ల నాన్న బదులు అదే ఉద్యోగంలో చేరాడు. నోట్లో నాలుక లేని మనిషి. మా అక్క తవిటమ్మ పొద్దస్తమానం తిట్టిపోసినా ఉలకడు, పలకడు. డప్పు చేతికొచ్చిందా, ఇక పూనకమే.

పార్టీ గెలిచిన ప్రతిసారీ ఊరేగింపులో ముందు నడిచేది బావే. ఒక సమ్మెలో అవతలి యూనియన్‌తో కొట్లాటైతే సోడాబుడ్డి వచ్చి నుదుటి మీద పగిలింది. ఏడు కుట్లు. కంట్లోకి నెత్తురు కారుతున్నా దరువు ఆపలేదని క్లబ్బు సెక్రటరీ బాదల్‌దా భుజం తట్టాడు. ఆ ఒక్క తట్టుకే పొంగిపోయాడు మా పిచ్చిమారాజు.

2009లో ఆ మైదానానికి ఒక కంపెనీ వచ్చిపడింది. చెత్త కాల్చి కరెంటు తీస్తారట. ఎండ కరెంటు, గాలి కరెంటు లాగే ఇదీ తరగని కరెంటేనట. అందుకని అనుమతులన్నీ ఒకే కిటికీ దగ్గర ఇచ్చెయ్యాలని, పర్యావరణ పరిశీలన మూడు నెలల్లో తేల్చెయ్యాలని పైనుంచి తొందర. మంచిదే, కరెంటు వద్దని ఎవడన్నాడు? కానీ అనుమతి ఇచ్చేముందు చుట్టుపక్కల జనాన్ని పిలిచి సభ పెట్టాలి. పేపరు చదవని వాళ్లుంటే నెల ముందు డప్పు కొట్టించి చెప్పాలి. ఆ చాటింపుని బాదల్‌దా సభకి ముందురోజు మధ్యాహ్నం వేయించాడు.

"బైరాగీ, డాకు గోడ చివర నాలుగు దెబ్బలు కొట్టు. ఫొటో తీసుకుంటాం, అంతే" అన్నాడు.

అక్కడ వినడానికి కాకులు తప్ప ఎవరున్నారు? బావ కొట్టాడు. క్లబ్బు మనిషొకడు బెంగాలీ కాగితాన్ని తనలో తాను గొణుక్కున్నట్టు చదివాడు. ఫొటో పడింది. కాగితం బావ చేతిలో పెట్టి వెళ్లిపోయారు. క్లబ్బు వాళ్లు తనని మళ్లీ పిలిచారన్న సంబరంలో బావ దాన్ని జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాడు.

మర్నాడు తొమ్మిదిన్నరకి టీ తాగుతూ ఆ కాగితం నా ముందుకు తోశాడు. బెంగాలీ చదవడం వచ్చింది మా ఇంట్లో నాకే.

"బావా, సభ ఇయాలే. పదింటికి, క్లబ్బు హాల్లో."

"మనకి సెప్పనేదేటి?"

"సెప్పినట్టు రాసుకున్నారు. నువ్వే డప్పు కొట్టినావు కదా! ఇంకోటి రాసినారు, ఇను. ఈ మైదానం పక్కన జనం ఎవులూ నేరంట. ఒక్క ఇల్లు కూడా నేదంట. రేపు మిషన్లెట్టి లైనంతా లేపేసినా అడిగే దిక్కుండదు."

బావ గ్లాసు కింద పెట్టాడు. డప్పు తీసి అక్క పొయ్యి సెగకి కాచాడు. గుమ్మంలోకి వెళ్లి చావు దరువు ఎత్తుకున్నాడు.

మా లైనులో చావు దరువు వినిపిస్తే ఎక్కడి పని అక్కడ వదిలెయ్యాలి. అన్నం ముందున్నా సరే, చెయ్యి కడుక్కుని రావాలి. డప్పు ఎటు నడిస్తే అటు, ఆగేదాకా నడవాలి. ఐదు నిమిషాల్లో ముప్పై నాలుగు గుమ్మాలూ ఖాళీ అయ్యాయి. పక్కింటి సోములు ఉబ్బసంతో రొప్పుతూ అందరికంటే ముందొచ్చాడు. చీపురు పట్టి రిటైరైన ముసలాయన.

"ఎవులు పోనారురా బైరాగీ?"

"ఎవులూ పోనేదు తాతా. మనం అసలు పుట్టనేనేదంట. నడండి!"

నేను నడుస్తూనే అందరికీ కాగితం సంగతి చెప్పాను. ఆడా మగా రెండు వందల మందిమి క్లబ్బు గేటు దగ్గరికి చేరేసరికి పది దాటి పది నిమిషాలైంది. బాదల్‌దా ఎదురొచ్చాడు. వెనక పదిహేను మంది, చేతుల్లో రాడ్లు, వెదురు కర్రలు.

"బైరాగీ, ఆపు. నిన్ననే కొట్టేశావుగా."

బావ ఆపలేదు. రాడ్డు మోచేతి మీద పడింది. ఆ చప్పుడు డప్పు మోతలో కూడా వినిపించింది నాకు. చెయ్యి వేలాడిపోయింది. బావ పుల్లని ఎడం చేతికి మార్చుకుని మళ్లీ కొట్టాడు. ఒకడు కత్తితో డప్పు తోలు చీరేస్తే, కత్తి మొన బావ పొట్టని కూడా గీరింది. "ఓలమ్మో!" అని మా అక్క ఆ కత్తివాడి జుట్టు పట్టుకుని తల గేటుకేసి బాదింది. అంతే, ఇటుకలు లేచాయి. నా కళ్ల ముందే ఒకడి పళ్లు రాలాయి. కొట్టింది నేనే, దాచుకోవడం దేనికి? వాళ్లు క్లబ్బు మేడ మీంచి రువ్విన ఇటుక సోములు తాత కణతకి తగిలింది. తాత కూర్చుండిపోయాడు. తర్వాత ఒరిగిపోయాడు. నోటి దగ్గర చెయ్యి పెట్టి చూశాను. ఊపిరి లేదు. దుర్మార్గులు, వాళ్ల చేతులు పడిపోనూ!

గేటు విరిగింది. లోపల కుర్చీలన్నీ ఖాళీ. బల్ల వెనక సభ నడపడానికొచ్చిన ఆఫీసరు ఫైలు కట్టేసుకుంటున్నాడు.

"సభ ముగిసింది. పదింటికి మొదలుపెట్టాం, ఎవరూ రాలేదు. అభ్యంతరాలు లేవని రాశాను."

"విప్పండి" అన్నాడు బావ బెంగాలీలో. విరిగిన చేతి నెత్తురు ఫైలు మీద పడుతోంది. "మేం ఉన్నామని రాయండి ముందు. అభ్యంతరం తర్వాత చెబుతాం."

ఆఫీసరు గేటు వైపు చూశాడు. లోపలికి నిండిన మా జనాన్ని చూశాడు. ఫైలు విప్పాడు. పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు. మొదటిది బావది. స్పృహ తప్పబోతూ కూడా బావ బల్ల వదల్లేదు. ఒక్కొక్కరి పేరూ తనే పిలిచి ముందుకి తోశాడు. అంత మాట్లాడటం నేను ఎన్నడూ చూడలేదు. ఇన్ని పేర్లు పడ్డ ఆ ఫైలు తర్వాత ఏ కిటికీ దగ్గరా కదల్లేదు, కంపెనీకి అనుమతి రాలేదు. మాకు ఆ సంగతి తెలిసేసరికి ఏడాది పట్టింది.

అందరివీ అయ్యాక ఆఫీసరు కలానికి మూత పెట్టేశాడు.

"ఇంకొకటుంది. ఇరవై రెండో నంబరు ఇల్లు. సోములు" అన్నాడు బావ.

"రమ్మను."

"గేటు దగ్గరున్నాడు. చచ్చిపోయాడు."

"చచ్చిపోయినవాళ్లని రాయకూడదయ్యా. రూల్సు ఒప్పుకోవు."

బావ గోడ గడియారం వైపు ఎడం చెయ్యెత్తి చూపించాడు.

"సభ పదింటికే మొదలుపెట్టారు కదా బాబూ. పదింటికి బతికే ఉన్నాడు. రాయండి."

ఆఫీసరు గడియారం చూశాడు. తర్వాత మూత తీసి, తండ్రి పేరు అడిగాడు.