మేనత్త కారు తీసిన మధ్యాహ్నం

మొన్న ఆదివారం నరసరావుపేట పల్నాడు రోడ్డులోని ఒక షోరూమువాళ్ళు, ఇంకా అమ్మకానికి రాని ఒక చిన్న కరెంటు కారును ముందుగా చూసి నడిపి చూడమని పిలిస్తే, మా అమ్మాయి నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళింది. తను పిడుగురాళ్ళ కాలేజీలో పాఠాలు చెబుతుంది, రోజూ పోయి రావాలి. బస్సుల కోసం ఎండలో నిలబడి విసిగిపోయి, మనలాంటి మామూలు వాళ్ళు రోజూ వాడుకోవడానికే చేశారటమ్మా అంటూ కొన్నాళ్ళుగా ఆ కారు మాటే చెబుతోంది. తెల్లటి బండి. పొట్టిగానే ఉన్నా వెనక డిక్కీ పెద్దది. గేరు కర్ర లేదు, క్లచ్చి లేదు, ముందర పలకంత గాజు తెర ఒకటి వెలుగుతోంది. ఒకసారి చార్జింగు పెడితే పోయి రావడానికి సరిపోతుందా, మన ఎండలకు బ్యాటరీ తట్టుకుంటుందా, స్పీడు బ్రేకర్ల మీద అడుగు తగులుతుందా అని మా అమ్మాయి అడుగుతుంటే షోరూము కుర్రవాడు ఓపిగ్గా జవాబులు చెప్పాడు. తర్వాత అతను పక్కన కూర్చున్నాడు, తను నడిపింది. నేను వెనక సీట్లో ఉన్నాను.

కిటికీలోంచి దుకాణాలు వెనక్కి పోతుంటే గానీ కారు కదిలిందని నాకు తెలియలేదు. వాళ్ళిద్దరూ మాటల్లో ఉండగా నా చెయ్యి, నా ప్రమేయం లేకుండానే, సీటు ఈ కొసనుంచి ఆ కొసకు జానలు వేస్తోంది. మా అమ్మాయి అద్దంలో చూసి, "ఏందమ్మా కొలుస్తన్నావు?" అంది. మనిషి పడుకోవడానికి చాలుతుందా అని చూస్తున్నానని చెప్పలేక, ఊరికేలే అన్నాను.

మా ఊరు నడికుడికి అవతల. మేము చదువుకునే కాలానికి ఆ ఊళ్ళో ఉన్నది ఒకటే కారు, అదీ మా మేనత్తది. మామయ్య సున్నపురాయి వ్యాపారం చేసిన రోజుల్లో కొన్న నల్లటి డీజిలు కారు. ఆయన బతికుండగానే, కోతలయిపోయిన చేలల్లో ఆమె చేత నడిపించి నేర్పాడు. ఆడదానికి కారేంటని నవ్వినవాళ్ళున్నారు గానీ, ఆయన పోయాక కారు అమ్మేద్దామని మా నాన్న అంటే, ఆయన నా చేతికిచ్చి పోయింది ఇదొక్కటే అని ఆమె ఒప్పుకోలేదు. పిల్లలు లేరు, పుట్టింటికే వచ్చి మాతో ఉండేది. ఊళ్ళో ఎవరికి జ్వరమొచ్చినా, పాము కరిచినా, మా వాకిట్లోకి వచ్చి నిలబడేవాళ్ళు; ఆమె చీర కొంగు బొడ్లో దోపుకుని బయలుదేరేది.

ఊళ్ళో ఎవరికైనా అన్నాను గానీ, అది మా పార్టీ వైపువాళ్ళకే. మన తరంవాళ్ళకు నేను విడమరచి చెప్పాల్సిన పనిలేదు, పంచాయతీ ఎన్నికల తర్వాత పల్నాటి ఊళ్ళు ఎట్లా రెండుగా చీలిపోయేవో మీకు తెలుసు. ఆ ఏడు కొట్లాటలో మా చిన్నబాబాయి చెయ్యి విరిగింది. అవతలి పార్టీ మగవాళ్ళంతా పోలీసులకు భయపడి ఊరొదిలి పోయారు. వాళ్ళ బజారులో ముసలివాళ్ళు, ఆడవాళ్ళే మిగిలారు. నేను డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చి ఉన్నాను. మిరపకాయలు కళ్ళాల్లో ఎండుతున్న రోజులు.

ఒక మిట్టమధ్యాహ్నం, కొన్నేళ్ళుగా మా బజారు తొక్కని ఒక పెద్దావిడ, చెప్పులు కూడా లేకుండా వచ్చి మా గేటు బయట నిలబడింది. బాబాయిని కొట్టిన కేసులో ఉన్నవాడి తల్లి ఆమె. లోపలికి రాలేదు. మా మేనత్తను చూసి, "అమ్మాయ్, నా కోడలికి పొద్దుట్నుంచి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందంట, మంత్రసాని చేతులెత్తేసింది. కారు తీస్తావా?" అంది.

అరుగు మీద కూర్చున్న మా నాన్న లేచాడు. "మన పిల్లోడి చెయ్యి ఇరగ్గొట్టినోళ్ళింటికి మన కారు పోద్దా?" అన్నాడు ఎవరి వంకా చూడకుండా. లోపలి గదిలోంచి, కట్టుతో మంచాన పడి ఉన్న బాబాయి గొంతు వినిపించింది.

"నా చెయ్యి ఇరగ్గొట్టింది మొగోళ్ళు అన్నయ్యా, ఆ పిల్ల కాదుగా. అక్కని పోనీ."

మా నాన్న మళ్ళీ కూర్చున్నాడు. మేనత్త నా వైపు చూసి, "రావే, ఎనక పట్టుకోను మనిషి కావాల" అంది.

ఆడవాళ్ళు ఆ అమ్మాయిని మంచం మీద వాళ్ళ బజారు మొదటిదాకా మోసుకొచ్చి కారెక్కించారు. నా వయసే ఉంటుంది. వెనక సీట్లో కాళ్ళు ముడుచుకుని పడుకుంటే తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఆమె అత్తగారు ముందు కూర్చుంది. అప్పటి రోడ్డు సంగతి ఏం చెప్పను, గుంతలో దిగి లేచినప్పుడల్లా ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని నలిపేది, అరిచేది కాదు. నడికుడి దగ్గర రైల్వే గేటు వేసి ఉంది. గూడ్సు బండి వస్తున్నదని గేటుమనిషి తెరవలేదు, తెరవగూడదు కూడా. మేనత్త స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి పట్టాల వంకే చూస్తూ కూర్చుంది. అప్పుడు ఆ పిల్ల కళ్ళు తెరిచి నన్నడిగింది, "మీ బాబాయికి చెయ్యి అతుక్కుందా?"

అతుక్కుంటుందని చెప్పాను. తల ఊపి కళ్ళు మూసుకుంది. అత్తగారు ముందు సీట్లో ముఖాన కొంగు కప్పుకుంది.

నరసరావుపేట ఆస్పత్రిలో డాక్టరమ్మ చేయగలిగిందంతా చేసింది. ఆడపిల్ల పుట్టింది, బతికింది. తల్లి బతకలేదు. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటేనా అని డాక్టరమ్మ అనలేదు. అననందుకు నాకు ఇప్పటికీ ఆమె మీద గౌరవం.

తిరిగి వచ్చేటప్పుడు చనిపోయిన ఆ పిల్లను అదే సీటులో, తల నా ఒళ్ళోనే పెట్టుకుని తెచ్చాము. పసిగుడ్డు ముందు సీట్లో నాయనమ్మ ఒళ్ళో ఉంది. రాత్రి పొద్దుపోయాక మేనత్త ఊళ్ళోకి వచ్చి, మా బజారు దాటించి, కారును నేరుగా వాళ్ళ బజారులోకి పోనిచ్చింది. మా ఇంటి మనిషి ఆ బజారులో అడుగు పెట్టడం ఆ కొట్లాట తర్వాత అదే మొదలు. ఆడవాళ్ళు ఏడుస్తూ వచ్చి ఆ పిల్లను దించుకున్నారు. మమ్మల్ని ఎవరూ పలకరించలేదు, ఎవరూ పొమ్మనలేదు. ఎవరో చెంబుతో నీళ్ళు తెచ్చి మేనత్త చేతికిచ్చారు. తాగింది.

ఇంటికొచ్చేసరికి మా నాన్న బావి దగ్గర ఉన్నాడు. చావు ఇంటినుంచి వచ్చినవాళ్ళు స్నానం చేయకుండా లోపలికి రాకూడదు గదా, మా ఇద్దరికోసం తనే నీళ్ళు తోడి గంగాళాలు నింపి పెట్టాడు. ఆ తర్వాత చాలా రోజులు చెల్లెలితో మాట్లాడలేదు గానీ, ఆ పనిలో ఆయన మనసు నాకు అర్థమైంది. ఆ పిల్ల భర్త, ఆ కేసులో ఉన్నవాడే, పోలీసులకు లొంగిపోయి బెయిలు మీద వచ్చాక, ఒకరోజు మా ఇంటికి వచ్చి బాబాయి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. అమ్మ మజ్జిగ ఇస్తే తాగి వెళ్ళిపోయాడు. పార్టీలు పోలేదు, పోతాయని నేను కథ చెప్పను. కానీ ఆ తర్వాత ఆడవాళ్ళు మాత్రం రెండు బజార్లలోనూ తిరిగారు. ఆ పసిబిడ్డ పెరిగి మా మేనత్తను అమ్మమ్మా అని పిలిచేది. మాచర్లలో కాపురముంటూ, మేనత్త చివరి రోజుల్లో వచ్చి నా కంటే ఎక్కువగా కనిపెట్టుకుని ఉంది.

మా అమ్మాయి ఆ కారు బుక్ చేసుకుంటానంటోంది, చేసుకోమన్నాను. ఇప్పుడు ఫోను చేస్తే ఆంబులెన్సు వస్తుంది, రోడ్లు బాగున్నాయి, కాన్పులో తల్లి పోవడం అరుదైంది. ఆ రోజులే బాగుండేవని నేను అనలేను. ఆ పిల్ల తల నా ఒళ్ళో చల్లబడటం తెలిసినదాన్ని, ఎట్లా అంటాను. కానీ మేముండే అపార్టుమెంటులో కింద ఇంటికొక కారు వరసగా నిలబడి ఉంటుంది, రేపు మాదీ అక్కడే నిలబడుతుంది. పోయిన నెల మా ఎదురు వాటాలో పెద్దాయనకు గుండెనొప్పి వచ్చి ఆస్పత్రికి తీసుకుపోయారట. ఎవరూ మా తలుపు తట్టలేదు, తట్టాల్సిన అవసరమూ రాలేదు. ఆయన తిరిగి ఇంటికి వచ్చిన తర్వాత, వాచ్‌మన్ చెబితే తెలిసింది. చూసిరావాలని గుమ్మందాకా వెళ్ళాను గానీ, వాళ్ళను ఏ వరసన పలకరించాలో తెలియక కాసేపు నిలబడి వెనక్కి వచ్చేశాను.