బ్యాగు ఎందుకు వదల్లేదని అడిగిన మనిషి

డ్రిల్లు టీచరమ్మ పోయిందన్న కబురు, ఆమెను వెళ్లగొట్టిన బడి నుంచే వచ్చింది. పొద్దున్నే మా మనవరాలు ఫోన్‌లో బడి గ్రూపు తెరిచి చూపించింది. టీచరమ్మ ఫొటో, చుట్టూ రంగురంగుల పూలు, కింద 'మా బడి కుటుంబం ఒక మణిని కోల్పోయింది' అని ఒక వాక్యం. నిద్రలోనే గుండె ఆగిందట. నాకు ఏడుపు రావాల్సింది పోయి కోపం వచ్చింది. కిందటేడు కాక అంతకు ముందటేడు ఎండాకాలం సెలవుల్లో 'ఇక మీ అవసరం లేదు' అని ఫోన్‌లో చెప్పి ఆ మణిని గిరాటు వేసింది ఎవరు? పోయినవాళ్లు ఎదురు మాట్లాడరు కనుక పొగడటం సులువు. ఈమె ఉన్నన్నాళ్లూ ఎదురే మాట్లాడింది.

నాచారంలో మా వీధి చివరి మేడ మీద ఉండేది. విజయవాడ వైపు మనిషి. భర్త మౌలాలి రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. ఉప్పల్ పోయే దారిలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలతో కసరత్తు చేయించడం, మంటలొస్తే ఎలా బయటపడాలో నేర్పించడం ఆమె పని. ఎక్కడికి వెళ్లినా మొట్టమొదట వెనక తలుపు ఎక్కడుందో చూసేది. మా బంధువుల పెళ్లికి ఉప్పల్‌లో ఫంక్షన్ హాలుకు వచ్చి, అక్షింతలు వేయకముందే వంటవాళ్ల దగ్గరికి పోయి, వెనక తలుపుకు అడ్డంగా పెట్టిన గ్యాస్ సిలిండర్లు జరిపించింది. వంటాయన చిరాకుపడి, "అమ్మా, మీరు పిల్ల తరఫా, పిలగాని తరఫా?" అన్నాడు.

"తలుపు తరఫు నాయనా," అంది.

డ్రిల్లు అంటే నాకూ కొంత తెలుసు. మల్లాపూర్‌లో లేతు మిషన్ల మీద పనిచేసేటప్పుడు మాకూ సైరన్ మోగించేవారు. మేమంతా బయటికి వచ్చి నేరుగా టీ బండి దగ్గర చేరేవాళ్లం. సూపర్‌వైజరు తాగిన గ్లాసులు లెక్కపెట్టి 'అందరూ క్షేమం' అని రాసుకునేవాడు. టీ తాగనివాడు లోపల కాలిపోయినా లెక్కలోకి రాడు. ఈ ముచ్చట చెబితే టీచరమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "బడుల్లోనూ అంతే బాబాయిగారు. గ్లాసులే లెక్కపెడతాం," అంది.

మనవరాలు ఏడో తరగతిలో ఉండగా ఆ బడిలో పెద్ద డ్రిల్లు పెట్టారు. చూడటానికి బయటి నుంచి పెద్దమనుషులను పిలిచారు. గంట మోగితే ఎక్కడి వస్తువులు అక్కడ వదిలేసి, వట్టి చేతులతో, వరుసగా, మాట్లాడకుండా మైదానంలోకి రావాలి. బడి మొత్తం అలాగే వచ్చింది. మా పిల్ల ఒక్కతే బ్యాగును గుండెకు హత్తుకుని వచ్చింది. అతిథుల ముందు పరువు పోయిందని ప్రిన్సిపాల్ దాన్ని విడిగా ఎండలో నిలబెట్టాడు. ఇంటి నుంచి పెద్దవాళ్లు వచ్చి క్షమాపణ రాసివ్వాలన్నాడు. కొడుకూ కోడలూ డ్యూటీలో ఉన్నారు. నేను వెళ్లాను.

ప్రిన్సిపాల్ తన గదిలో పిల్లను ఒక పక్కన నిలబెట్టి, నిబంధన ఎంత ముఖ్యమో నాకు చాలాసేపు చెప్పాడు. మధ్యలో టీచరమ్మ లోపలికి వచ్చి, నాకూ ఆయనకూ వీపు తిప్పి, మా పిల్ల ముందు కింద కూర్చుంది.

"బ్యాగు ఎందుకు వదల్లేదమ్మా? తిట్టను. తెలుసుకుందామనే అడుగుతున్నా."

పిల్ల బ్యాగును ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "ఇడిసిపోతే నీళ్లల్ల ముంచుతరు మేడం," అంది.

"ఎవరు?"

"మా క్లాసోళ్లే. మొన్న బాత్రూం బకెట్ల ఏసిన్రు. అన్నం డబ్బాల మట్టి పోసిన్రు. మా నాయిన కంపెనీ వాసన నా తాన వస్తదట. నన్ను కెమికల్ అని పిలుస్తరు. రోజూ."

నా కొడుకు మల్లాపూర్‌లో రంగుల కంపెనీలో పనిచేస్తాడు. వాడి బట్టలూ పిల్ల యూనిఫారమూ ఒకే తాడు మీద ఆరతాయి. వాసన నిజమే కావచ్చు. ఆ వాసన మీదే కదా దాని ఫీజు కట్టేది, ఆ ప్రిన్సిపాల్ కుర్చీ కూడా అందులోంచే కదా వచ్చింది.

ఆయన మాత్రం నవ్వాడు. "పిల్లలన్నంక ఆటపట్టిచ్చుకుంటరు మేడం. మన టైంల మనం సూడలేదా?"

"ఆట అంటే ఇద్దరూ నవ్వాలి సార్. ఈ పిల్ల నవ్విందా?"

"అది వేరే ముచ్చట. మనం డ్రిల్లు సంగతి మాట్లాడుతున్నం."

"వేరే కాదు. రేపు నిజంగా పొగ వస్తే ఈ పిల్ల బ్యాగు కోసం మళ్లీ లోపలికి వెళ్తుంది. దాన్ని లోపలికి తోసింది మనమే అవుతాం."

"రిపోర్టు రాస్తే బడి పేరు కరాబైతది. ఆ ఏడిపిచ్చినోళ్లల్ల ఒక పిల్ల నాయిన మన కమిటీల ఉన్నడు. జర ఆలోచించుండ్రి."

టీచరమ్మ నా వైపు తిరిగింది. "క్షమాపణ కాదు బాబాయిగారు, ఫిర్యాదు రాయండి. పిల్ల ఏ మాట అంటే ఆ మాటే పెట్టండి, మనం దిద్దొద్దు. తీసుకున్నట్టు సంతకం పెట్టించుకుని నకలు దగ్గర ఉంచుకోండి. ఇక్కడ తీసుకోకపోతే విద్యాశాఖ ఆఫీసుకు పోదాం. నేనూ వస్తా."

తీసుకున్నారు. తీసుకోక చేసేదేముంది, ఆమె గుమ్మంలో నిలబడింది. ఏడిపించిన పిల్లల తల్లిదండ్రులను పిలిపించారు. టీచరమ్మ ఆ పిల్లలనూ వదల్లేదు. రోజూ మధ్యాహ్నం పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడేది. కొట్టిందీ లేదు, బడి నుంచి తీసేయమన్నదీ లేదు. ఆ తర్వాత ప్రతి క్లాసుకూ వెళ్లి ఒకే పాఠం చెప్పింది. "గంట మోగితే అరవొద్దు, పరిగెత్తొద్దు, తోయొద్దు. ఎవరైనా ఏడిపిస్తే మాత్రం అరవండి, పరిగెత్తండి, అడ్డమొచ్చినవాళ్లను తోసుకుని పెద్దవాళ్ల దగ్గరికి రండి. ఒకరు నమ్మకపోతే ఇంకొకరి దగ్గరికి పోండి."

ఆ ఎండాకాలంలోనే ఆమెకు బడి నుంచి 'ఇక మీ అవసరం లేదు' అన్న ఆ ఫోన్ వచ్చింది. నేను మండిపడుతూ మేడ మీదికి వెళితే, ఆమె ఉల్లిగడ్డలు తరుగుతూ అంది: "మీ మనవరాలికి చెప్పకండి. తన వల్ల నా ఉద్యోగం పోయిందని తెలిస్తే మళ్లీ నోరు తెరవదు. మోకాళ్ల నొప్పులని చెప్పండి." అలాగే చెప్పాను. ఆమె కూడా వీధిలో మా పిల్ల ఎదురైనప్పుడల్లా కాస్త కుంటేది.

ఆ పొద్దున ఫొటో చూస్తూ మనవరాలు అడిగింది. "తాతా, మేడం బడెందుకు ఇడిసింది? నిజం చెప్పు." మనిషే లేనప్పుడు ఇంకా మోకాళ్ల మీద అబద్ధం ఆడలేకపోయాను. చెప్పాను. పిల్ల ఫోన్ పక్కన పెట్టి లోపలికి పోయింది. ఆమె భయపడ్డదే జరుగుతుందేమోనని నాకు అన్నం దిగలేదు.

మొన్న బడిలో సంతాపసభ పెట్టారు. ప్రిన్సిపాల్ మైకు ముందు గొంతు సవరించుకుని, 'మేడం గారు తమ ఇష్టంతోనే విశ్రాంతి తీసుకున్నారు' అన్నాడు. ఆమెకు ఒక పూలదండా ఒక అబద్ధమూ కలిపి వేశాడు. తర్వాత, ఇప్పుడు పదో తరగతి చదువుతున్న మా పిల్లను పిలిచి, చదవమని ఒక కాగితం చేతికిచ్చారు. పిల్ల దాన్ని చూడలేదు.

"మేడం ఇష్టంతోని పోలేదు," అంది. "నన్ను ఏడిపిస్తున్నరని నాతోని చెప్పిచ్చినందుకు పంపిన్రు. నాకు మొన్ననే ఎరుకైంది. ఎరుకైనా సరే, మల్ల ఎవరన్న ఏడిపిస్తే మల్ల చెప్త. మీరు గూడ చెప్పుండ్రి."

ప్రిన్సిపాల్ మైకు అందుకుని, చిరునవ్వు చెదరనీయకుండా, రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నాడు. అందరూ లేచారు. మౌనం అయిపోయింది. కూర్చోండి అన్నారు. బడి మొత్తం కూర్చుంది.

నడిమి వరుసలో ఒక చిన్నపిల్ల కూర్చోలేదు. పక్కనున్న టీచరు చేత్తో సైగ చేసింది. మళ్లీ చేసింది. ఆ పిల్ల మా మనవరాలినే చూస్తూ, చెప్పాలన్నట్టు చెయ్యెత్తి నిలబడి ఉంది.