పిలుపు వినపడే చోటు

నా చేతిరాత బాగుండదు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి, తప్పులు కూడా ఉంటాయి. ఐదో తరగతితో మా ఊరి బడి అయిపోయింది. ఆ తర్వాత నేను రాసింది సంతకం ఒక్కటే. చదివేవాళ్ళు మన్నించాలి. చోడవరం కోర్టుకి వాయిదాలకి వెళ్ళే ఆడపిల్లలు, వాళ్ళ వెంట వెళ్ళే పెద్దవాళ్ళు మా చీడికాడ వైపు చాలామంది ఉన్నారు. వాళ్ళకి పనికొస్తుందని ఈ ప్రయాణం సంగతి రాస్తున్నాను.

నా చెల్లెలి కూతురు నూకరత్నం. దాని భర్త రోలుగుంట వైపు మనిషి. రెండేళ్ళ కిందట దీన్నీ చంటిపిల్లనీ వదిలేసి వేరే కాపురం పెట్టాడు. పోషణ ఇప్పించమని కోర్టులో వేశాం. కిందటేడు వాయిదాకి రత్నం తల్లితో వెళ్ళి సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది. తీరా చూస్తే మనిషి హాజరు కాలేదని కేసు కొట్టేశారు. మగవాళ్ళు నిలబడ్డ వరండాని మా వైపు ఆడవాళ్ళు ఎక్కరు. కోర్టులోనూ అంతే, వెనక గోడ నీడన కూర్చుంటారు. పేరు పిలిచేది ముందు గుమ్మం దగ్గర. మూడుసార్లు పిలుస్తారు, మూడూ గోడకి ఇవతలికి రావు. మళ్ళీ కేసు వేయించాం. ఈసారి కూడా పిలిచినప్పుడు లేకపోతే తను చేయగలిగింది ఏమీ ఉండదని వకీలు చెప్పేశాడు. ఆయనకి వాయిదా రోజున అనకాపల్లిలో వేరే పని ఉంది. అందుకే నేను బయల్దేరాను.

చీడికాడలో ఆరున్నర బస్సు ఎక్కాం. టిక్కెట్టు మనిషికి నాలుగు రూపాయల లోపే. మామూలుగా గంట ప్రయాణం. మేము వెళ్ళింది చెరకు ఆడే రోజుల్లో, దారి పొడుగునా ఫ్యాక్టరీకి పోయే బళ్ళు, ట్రాక్టర్లు. రెండు గంటల పైనే పట్టింది. కండక్టరు చిల్లర తర్వాత ఇస్తానన్నాడు. అతను ఇచ్చేదాకా నేను అతని సంచి మీద నుంచి చూపు తియ్యలేదు. చోడవరంలో దిగగానే ఒక రిక్షా అతను ఎదురొచ్చాడు.

"కోర్టుకేనా తాతా? ఎక్కండి, ఐదిచ్చీండి."

"కోర్టుకని నీకెవులు సెప్పేరు?" అన్నాను.

"సంకలో సంచి, సంచిలో కాయితాలు, పక్కన మాటాడని గుంట. ఇంకెక్కడికెల్తారు, సినిమాకా?"

రత్నం నవ్వు ఆపుకుంది. నాకు నవ్వు రాలేదు. అవతలివాళ్ళు మనుషుల్ని పెట్టి ఉంటారని నా భయం. నడిచే వెళ్ళాం, పది నిమిషాలు. దారిలో ఇడ్లీ తిన్నాం. కోర్టుకి తొమ్మిదిన్నరకల్లా చేరాం. పిలుపులు పదిన్నరకి మొదలవుతాయి.

వెనక గోడ దగ్గర పదిమంది దాకా ఆడవాళ్ళున్నారు. వాళ్ళ మధ్య ఒకావిడ పుస్తకం, పెన్సిలు పట్టుకుని తిరుగుతోంది. నలభై ఏళ్ళుంటాయి. పేరు జైనబ్బీ, అనకాపల్లిలో మిషను మీద బట్టలు కుడుతుందని తర్వాత తెలిసింది. తిన్నగా మా దగ్గరికి వచ్చింది.

"నీ పేరేటమ్మా? ఎదరోళ్ళెవులు?"

రత్నం నోరు తెరవబోయింది. నేను అడ్డం వెళ్ళాను.

"నీకెందుకు?"

"పిలుపు ఇక్కడికి ఇనపడదు బాబాయ్. గుమ్మం కాడ ఒకలం, మూల మీద ఒకలం, ఇక్కడ ఒకలం ఉంటన్నాం. ఆళ్ళు పిలిసిన పేరు ఒకలకొకలం అందిస్తాం. పేరు ముందే తెలిస్తే మనిసిని ఎతుక్కోనక్కర్లేదు."

"ఎవులు పెట్టేరు మిమ్మల్ని?"

"ఎవులూ పెట్టలేదు."

ఈ మాటతో నాకు అనుమానం ఇంకా ముదిరింది. ఎవరూ పెట్టకుండా పొద్దుటి నుంచి ఎండలో ఎవరు నిలబడతారు? ఏదైనా పార్టీ అయి ఉండాలి, లేకపోతే అవతలివాళ్ళు. కాసేపటికి ఆవిడ అవతలి వకీలు గుమాస్తాతో మాట్లాడి ఏదో రాసుకోవడం నా కళ్ళతో చూశాను. ఇంక చాలు అనుకున్నాను. రత్నాన్ని లేపి రోడ్డుకి అవతల ఉన్న టీ కొట్టులోకి తీసుకుపోయాను. అక్కడి నుంచి గుమ్మం కనపడుతుంది. పిలుపు వినాలి గాని గుమ్మం కనపడితే ఏం లాభమని అప్పుడు తోచలేదు. టీ తాగుతుంటే ఎదురుగా చెరకు ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. పక్కవాడి మాటే వినపడలేదు.

పదకొండు దాటింది. జైనబ్బీ పరుగున రోడ్డు దాటి వచ్చింది.

"నూకరత్నం ఎవులమ్మా? నూకరత్నం!"

రత్నం లేవబోయింది. నేను దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"లేవకు."

"నా పేరే మావయ్యా."

"మనం సెప్పలేదు కదా. దానికెలా తెలిసింది? ఇందులో ఏదో ఉంది."

రత్నం నా ముఖంలోకి చూసింది. అది నన్ను అలా ఎప్పుడూ చూడలేదు.

"కోర్టులో పిలిస్తే తెలిసింది మావయ్యా! సెయ్యొదులు!"

విదిలించుకుని రెండు ట్రాక్టర్ల మధ్య నుంచి పరిగెత్తింది. మూల మీద ఉన్నామె "వస్తంది, వస్తంది" అని కేకేసింది. గుమ్మం దగ్గరామె అదే మాట లోపలికి అందించింది. బంట్రోతు మూడో పిలుపు పిలిచి లోపలికి తిరుగుతున్నాడు. రత్నం వరండా ఎక్కి, మగవాళ్ళ మధ్య నుంచి తోసుకుంటూ, "ఉన్నానండీ!" అంది. దాని గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. లోపల అవతలి వకీలు, రత్నం రాలేదని చెప్పడానికి అప్పటికే లేచి నిలబడి ఉన్నాడట. రత్నం వెళ్ళేసరికి కూర్చున్నాడు. ఆరోజు దాని వాంగ్మూలం రాసుకున్నారు.

ఒంటిగంటకి వెనక గోడ నీడలో జైనబ్బీ టిఫిను డబ్బా విప్పింది. నేను దూరంగా నిలబడ్డాను.

"రా బాబాయ్. సెయ్యట్టుకుని ఆపేవు కదా? మా ఆయన తరపోళ్ళు కూడా నన్ను అంత గట్టిగా ఆపలేదు." అందరూ నవ్వారు. రత్నం కూడా నవ్వింది.

"ఆ గుమాస్తాతో ఏటి మాటాడేవు?" అన్నాను. అడక్కుండా ఉండలేకపోయాను.

"ఎన్నో నెంబరు నడుస్తందని అడిగేను. ఇంకెవులు సెప్తారు మాకు?"

ఆవిడ కేసు కూడా ఇలాగే పోయిందట, ఈ గోడ దగ్గరే. తర్వాత ఒక కాగితం తీసి నా చేతికిచ్చింది. జడ్జిగారికి అర్జీ. ఆడవాళ్ళకి గుమ్మం పక్కన ఒక బల్ల వేయించాలని, ఆరోజు పిలిచే పేర్లు వరసగా తెలుగులో రాసి గోడకి అంటించాలని, కాపురాల కేసులన్నీ వారంలో ఒక రోజున పెట్టాలని అందులో ఉంది. సంతకాలు నాలుగే ఉన్నాయి. మిగతా ఆడవాళ్ళు వేలిముద్ర వెయ్యడానికి ఒప్పుకోలేదట. ఏం కాగితమో, తర్వాత అందులో ఏం రాసుకుంటారో అని.

మూడుసార్లు చదివాను. సంతకం పెట్టి, దాని కింద ఖాళీ అంతా అడ్డంగా గీత కొట్టేశాను. నేను ఏ కాగితం మీద సంతకం పెట్టినా అంతే.

"ఇదేటి బాబాయ్, పాడుసేసీసేవు!"

"ఖాళీ ఉంటే ఎవులైనా ఏదైనా రాసీగలరు. ఇప్పుడు నువ్వు కూడా రాయలేవు."

ఆవిడ కాగితం లాక్కుని తిప్పి చూసింది. కోపం వచ్చిందనుకున్నాను. గోడ కింద ఉన్న ముసలామె ఒకతె చెయ్యి చాపి, "ఏదీ, ఆ గీతెలా కొట్టేవో సూపించు బాబూ" అంది. చూపించాను. "అలగైతే నా ఏలు కూడా ఎయ్యి" అంది. జైనబ్బీ వేరే కాగితం మీద అర్జీ మళ్ళీ రాసింది. ముద్రలన్నీ పడ్డాక చివర గీత నాచేతే కొట్టించింది. సాయంత్రం నాలుగు గంటల బస్సుకి మేము బయల్దేరేలోగా అందరూ వేశారు.

"వచ్చే వాయిదాకి మూల మీద నువ్వు నిలబడు" అంది బయల్దేరేటప్పుడు.

"నాకు మాటలు రావు."

"పేరొక్కటి కేకేస్తే సాలు."

నిలబడ్డాను. మొదటి పేరు నా నోట్లోనే ఉండిపోయింది, జైనబ్బీ తిట్టింది. రెండోది బయటికి వచ్చింది. మరి రెండు వాయిదాలకి రత్నానికి పోషణ ఇవ్వమని తీర్పు వచ్చింది. మా పని అయిపోయినా నెలకోసారి ఇద్దరం వెళుతున్నాం. గుమ్మం దగ్గర రత్నం, మూల మీద నేను. పేర్ల జాబితా ఇప్పుడు గోడకి అంటిస్తున్నారు. బల్ల ఇంకా రాలేదు. నా అనుమానం కూడా పూర్తిగా పోలేదు. జైనబ్బీని ఎవరు పెట్టారా అని ఇప్పటికీ చూస్తూనే ఉంటాను. ఆ గోడ కింద కూర్చున్న ఆడవాళ్ళు తప్ప ఇంతవరకు ఎవరూ కనపడలేదు. ఆరోజు రత్నం నా చెయ్యి విదిలించుకోకపోతే మాత్రం ఈసారి కేసు నావల్లే పోయేది.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. తొమ్మిదిన్నరకల్లా చేరండి, జాబితాలో మీ నెంబరు చూసుకోండి, ఎవరు ఏమనుకున్నా వరండా ఎక్కి గుమ్మానికి పక్కగా నిలబడండి. మీ వైపు కోర్టులో ఆడవాళ్ళు ఎక్కడ కూర్చుంటున్నారు, అక్కడికి పిలుపు వినపడుతోందా? బల్ల కోసం ఇంకో అర్జీ రాస్తున్నాం, మీ ఉత్తరాలు దానికి జత చేస్తాం. నూకరత్నం పేరున చీడికాడకి తొందరగా జవాబు రాయండి. కింద ఖాళీ ఉంటే గీత కొట్టడం మరిచిపోకండి.